మీకేమనిపించింది?

నా కార్డు కూడా మా ఆయన డ్వైటే నింపుతాడు. సినిమా అయిపోయి లైట్లు వెలగగానే సినిమా కంపెనీ వాళ్ళు వరసలంట కార్డులూ పొట్టి పెన్సిళ్ళూ పంచుతారు. నేను కళ్ళు తుడుచుకునేలోపే నా ఒళ్ళోని కార్డు అతని ఒళ్ళోకి వెళ్ళిపోతుంది. "నీ చేతిరాత ఎవరికర్థమవుతుంది లెన్" అంటాడు. పద్దెనిమిదేళ్ళుగా బడి వంటగదిలో బోర్డు మీద రోజూ మెనూ రాసేది నేనే. నాలుగొందల మంది పిల్లలకి అర్థమవుతోంది మరి. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు అనే గళ్ళలో నాకేది అనిపించిందో అతనికి నాకంటే ముందే తెలుసు. కింద నాలుగు గీతలుంటాయి, మీ సొంత మాటల్లో రాయండి అని. నా సొంత మాటలు కూడా అతనే రాస్తాడు. మా ఇద్దరికీ నచ్చింది, ఫైటింగులు ఇంకొంచెం ఉంటే బాగుండును, అని.

హాలీవుడ్ పక్కనే బర్‌బ్యాంక్‌లో ఉండేవాళ్ళకి ఇది మామూలే. ఇంకా విడుదల కాని సినిమాని మాల్ మీద హాల్లో మాలాంటి వాళ్ళకి ఉచితంగా చూపిస్తారు. మేం ఎక్కడ నవ్వామో, ఎక్కడ ఆవలించామో చూసుకుని కత్తిరించుకుంటారు. సినిమా రంగంలో మీ వాళ్ళెవరైనా ఉన్నారా అని గుమ్మం దగ్గరే అడుగుతారు. ఉన్నారంటే వెనక్కి పంపేస్తారు. డ్వైట్ వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు సెట్లు కట్టిన వడ్రంగి. అయినా "ఎవరూ లేరండీ" అని వాళ్ళ కళ్ళలోకి చూసి చెబుతాడు. అబద్ధం ఎలా చెబితే నిలబడుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తాడు. ఇల్లు దానంతటది తగలబడిందా, మీరే తగలబెట్టుకున్నారా అని తేల్చే ఉద్యోగం.

ఇదంతా వింటే నాకు సినిమాల మీద అభిప్రాయాలు లేవనుకుంటారేమో. బుర్ర నిండా అవే. పెద్ద సినిమాల్లో పెళ్ళాం రెండు పనులకే పనికొస్తుంది. ఫోన్లో "జాగ్రత్త" అనడానికి, లేకపోతే మొదటి పది నిమిషాల్లో చచ్చిపోయి హీరోకి కోపం తెప్పించడానికి. ఊళ్ళకి ఊళ్ళు కూలగొట్టి ఎగిరిపోతారు గానీ, ఆ దుమ్మంతా ఎవరు ఊడుస్తారో ఒక్కడు చూపించిన పాపాన పోలేదు. చిన్న సినిమాలు నాకిష్టమే, అలాగని నెత్తిన పెట్టుకోను. వాటిల్లో అందరూ గుసగుసగా మాట్లాడతారు. ఎవరికీ సోమవారం పొద్దున్నే పనికెళ్ళాల్సిన అవసరం ఉండదు. పేదవాళ్ళ వంటిల్లట, పొయ్యి మీద ఒక్క మరకుండదు! కానీ ఒక్కోసారి వాటిల్లో ఒక ఆడమనిషి గిన్నెలు తోముతూ తోముతూ కుళాయి కింద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోతుంది. కెమెరా కదలదు. పాట రాదు. ఆ ఒక్క నిమిషం కోసమే నేను ప్రతి బుధవారం వెళ్ళేదాన్ని. బుధవారాలు బడి తొందరగా వదిలేస్తారు. మాగ్నోలియా వీధి చివర రెండు తెరల పాత హాలుంది, మధ్యాహ్నం ఆట సగం రేటు. ఇంటికొచ్చాక టికెట్ ముక్క ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాలి. పెట్టమని డ్వైట్ ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. ఒకసారి మర్చిపోతే తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

మా అత్తగారు ఎలోయిజ్ పోయేదాకా ఒకటే పాట. "నా కొడుకు తాగడు, చెయ్యెత్తడు, సినిమాలకి తీసుకెళతాడు. ఇంకేం కావాలమ్మా నీకు?" నిజమే, చెయ్యెత్తడు. కారు తలుపు వేస్తాడు. పోయిన మార్చిలో నా వేళ్ళు మధ్యలో ఉండగా వేశాడు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఏం చెప్పాలో తనే నేర్పించాడు. గాలికి పడిందను, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు, ఎక్కువ చెప్పేవాళ్ళే దొరికిపోతారు అన్నాడు. చక్కగా నేర్చుకున్నాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు, ఆ శనివారం దాకా.

ఆ శనివారం పగటిపూట చూపించిన సినిమాలో ఒకావిడ మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోతుంది. పెద్ద తార, మంచి నటే. భోజనాల బల్ల దగ్గర గొడవవుతుంది. ఆవిడ మేడ మీదకి పరిగెత్తి, పైనున్న సూట్‌కేసు లాగి, హాంగర్లతో సహా బట్టలు కుక్కి, తలుపు ధడేల్మని వేసి, సముద్రం పక్క రోడ్డు మీద కారు నడుపుకుంటూ పోతుంది. పాటొస్తుంది. హాలంతా చప్పట్లు. అయ్యాక ఇరవై మందిని ఆపారు, ముందు వరసల్లో కూర్చోబెట్టి మాట్లాడించడానికి. మేమిద్దరం ఆ ఇరవైలో ఉన్నాం. టామ్సిన్ అనే అమ్మాయి ముందు నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతోంది. అందరూ చివర బాగుందన్నారు. గుండె నిండిపోయిందన్నారు. డ్వైట్ కాలు మీద కాలేసుకుని, మొగుడికి కూడా ఒక సీను ఇచ్చుండాల్సింది, అతనికీ బాధుంటుంది కదా, మా ఇద్దరిదీ అదే అభిప్రాయం అన్నాడు. అక్కడితో అయిపోవాల్సింది. ఆ అమ్మాయి పెన్ను నా వైపు తిప్పింది.

"మీరు చెప్పండి. మీకేమనిపించింది?"

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నన్నలా ఎవరడిగారు గనక! నా సినిమా పిచ్చే నా కొంప ముంచింది. ఆ దృశ్యం అబద్ధంగా ఉంది. అబద్ధం కళ్ళ ముందు కదులుతుంటే చప్పట్లు కొట్టడం నావల్ల కాలేదు.

"ఆవిడ అలా వెళ్ళదండీ" అన్నాను. "సూట్‌కేసు లాగితే చప్పుడవుతుంది. గొడవైన రోజు అసలే వెళ్ళదు, ఆ రోజు అతను కనిపెట్టుకుని ఉంటాడు. ముందు కాగితాలు పోతాయి. వారానికి ఒక్కటి. మొదటి వారం పుట్టిన సర్టిఫికెట్, ఎందుకంటే అది కనపడకపోయినా ఎవరూ చూసుకోరు. తర్వాత మందుల చీటీలు. పాస్‌పోర్టు ఆఖరున, టాక్సులు కట్టాక. లేకపోతే టాక్సుల కోసం ఆ ఫైలు తీసినప్పుడు ఖాళీ కనపడుతుంది."

వెనక వరసలో ఒకావిడ "అవును" అంది, ఎవరితోనూ కాదు. టామ్సిన్ గబగబా రాసుకుంటోంది. నాకు ఒళ్ళు తెలియడం లేదు. ఆనందంగా ఉంది, నిజం చెబుతున్నాను, చిన్నపిల్లలా ఆనందంగా ఉంది. "మరి ఆ కాగితాలు ఎక్కడ దాస్తుందంటారు?" అని అడిగిందామె. నేను నోరు తెరిచాను. అప్పుడు చూశాను డ్వైట్ పాదాన్ని. సినిమా మొదలైనప్పట్నుంచీ ఊపుతున్న పాదం, ఆగిపోయి ఉంది.

"బట్టల సబ్బు డబ్బాలో" అన్నాను. "మగాడు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే." అందరూ నవ్వారు. డ్వైట్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంటికెళ్ళే దారిలో రోడ్డంతా కార్లే. ఎండ ముఖానికి కొడుతోంది. రేడియో పెట్టలేదు. సగం దారిలో, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు.

"మా పనిలో ఒక మాటుంది లెన్. ఊహించి చెప్పేవాళ్ళు కథ చెబుతారు. చేసినవాళ్ళు వరస చెబుతారు."

"సినిమాలు చూసీ చూసీ అలా అలవాటైపోయింది" అన్నాను. "ఏ సినిమాలో చూశావు?" అన్నాడు. ఒక చిన్న సినిమాలో అన్నాను. పేరడిగాడు. గుర్తు లేదన్నాను. "నీకా? గుర్తు లేదా?" అన్నాడు, ఎంతో ప్రేమగా. ఇంటి ముందు కారాపి, చుట్టూ తిరిగొచ్చి, నా వైపు తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు. నేను రెండు చేతులూ ఛాతీకి ఆనించుకుని దిగాను.

ఆదివారం పొద్దున బట్టలుతికే మిషను ముందు నేల మీద తెల్లగా సబ్బు పొడి. ఎవరో చీపురుతో దగ్గరికి తోసి, ఎత్తడం చేతగాక వదిలేసినట్టుంది. డబ్బా మూత తిరగేసి పెట్టి ఉంది. ఈ ఇంట్లో ఆ మిషను ఎటు తిరుగుతుందో కూడా తెలియని మనిషి. డబ్బాలోని పొడి మీద అతని నాలుగు వేళ్ళూ అడుగుదాకా దిగిన గుంటలున్నాయి. అనుమానం కాదు ఇక, అతనికి తెలుసు. నేను చెప్పింది నమ్మాడు, చోటు దగ్గర మాత్రం నేను దొరకలేదు. ఊడ్చి, ఎత్తి, నేల తడిగుడ్డతో తుడిచాను. కాఫీ పోస్తుంటే కప్పు చూస్తూ అన్నాడు. "ఈ బుధవారం సెలవు పెడుతున్నా. నీతో ఆ చిన్న సినిమాకి వస్తా. ఏముందో చూడాలి కదా వాటిల్లో."

నా కాగితాలున్నది ఆ మాగ్నోలియా వీధి హాల్లోనే. పాప్‌కార్న్ సంచులు పెట్టుకునే అల్మరాలో, పై అరలో, బెర్నీస్ పాత స్వెట్టర్ కింద. బెర్నీస్ ఆ హాల్లో టికెట్లు చింపుతుంది, పాప్‌కార్న్ వేయిస్తుంది, ఆట అయ్యాక ఊడుస్తుంది. డెబ్భై దాటాయి. మార్చిలో నా వేళ్ళ కట్టు చూసి ఏమైందని అడగలేదు. "ఇక్కడ అల్మరాకి తాళముంటుంది, నీకెప్పుడైనా కావాలంటే" అంది, చిల్లర చేతిలో పెడుతూ. అంతే మా స్నేహం. తర్వాతి వారం నుంచి సినిమా గురించి పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళం, ఒక కాగితం చేతులు మారేది. పాస్‌పోర్టు పోయిన వారమే చేరింది. ఓరెగాన్‌లో ఉన్న మా అక్క విల్మాకి కబురందింది. జూన్‌లో బడి సెలవులిచ్చాక అనుకున్నాను. ఇక జూన్ లేదు.

సోమవారం బడి వంటగది ఫోన్‌ నుంచి బెర్నీస్‌కి చేశాను. బుధవారం మా ఆయన కూడా వస్తున్నాడని మాత్రమే చెప్పాను. అవతల పాప్‌కార్న్ పేలుతున్న చప్పుడు. ఆమె, ఆడవాళ్ళ బాత్‌రూమ్ పక్కనున్న తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుందనీ, బుధవారం గడియ తీసి ఉంచుతాననీ, మూడున్నరకి తన చెల్లెలు సందులో కారాపుకుని ఉంటుందనీ చెప్పింది. నీ సామాను కారులో ఉంటుంది, నువ్వు మనిషివి వస్తే చాలు అంది. నేను రావడమే కదా కష్టం. రెండు రోజులూ డ్వైట్ నా పక్కనే ఉన్నాడు. నన్ను తనే బడి దగ్గర దింపాడు, తనే తీసుకొచ్చాడు. నా కారుకేదో చప్పుడొస్తోందట.

బుధవారం బెర్నీస్ మమ్మల్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళని చూసినట్టు చూసి టికెట్లు చింపింది. డ్వైట్ ఆమెతో జోకులేశాడు, గోడలన్నీ చూశాడు, తలుపులన్నీ చూశాడు. హాల్లో మాతో కలిపి ఆరుగురున్నారు. నన్ను లోపలికి కూర్చోమని తను నడవ పక్క కూర్చున్నాడు. సినిమాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు చలికాలం రేవులో కూర్చుని చేపల వలలు బాగుచేస్తున్నారు. మాటల్లేవు. వేళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి, అవి నిజమైన వేళ్ళే, మేకప్ కాదు. అంత భయంలోనూ అది చూశాను, ఏం చెయ్యను, నా బుద్ధి అంత. డ్వైట్ తెర చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. తెర మీద వెలుగు మారినప్పుడల్లా అతని ముఖం ఒకసారి కనపడుతోంది, ఒకసారి లేదు. సినిమాలో చెల్లెలు ఒక ముడి విప్పి మళ్ళీ వేసింది. నా గడియారంలో మూడు ఇరవై ఎనిమిది.

"బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తా" అన్నాను.

అతని చెయ్యి వచ్చి నా ముంజేతి మీద పడింది. బరువుగా ఉంది. నొక్కలేదు. ముందుకి వంగి, తలుపు దాకా ఉన్న దూరాన్ని చూశాడు. వెంట వస్తాడేమో అనుకున్నాను. ఆడవాళ్ళ బాత్‌రూమ్ బయట కాపలా నిలబడితే బెర్నీస్ చూస్తుంది. నలుగురి ముందు అతను చాలా మంచివాడు.

"వెళ్ళు" అన్నాడు. "బాగ్ ఇక్కడ పెట్టి వెళ్ళు."

అందులో ఇంటి తాళాలున్నాయి. కార్డులున్నాయి, బ్లడ్ ప్రెషర్ మాత్రలున్నాయి, చదువుకునే కళ్ళజోడుంది. నేనెక్కడున్నానో నిమిష నిమిషానికీ అతనికి చెప్పే నా ఫోనుంది. ఇరవై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో నేను లెనోర్‌నని చెప్పుకోవడానికి ఏమేం కావాలో అన్నీ అందులోనే ఉన్నాయి. అది తన దగ్గరుంటే నేను తన దగ్గరున్నట్టే. ఏ క్లెయిములో అయినా అతను చూసేది అదే కదా, విలువైనవి ఎవరి దగ్గరున్నాయి అని.

బాగ్ తీసి అతని ఒళ్ళో పెట్టాను. నిండుగా ఉందేమో, కొంచెం పక్కకి ఒరిగింది. నా ముంజేతి మీది అతని చేతిని తీసి దాని మీద పెట్టాను, రెండో చేతిని కూడా పెట్టాను.

"గట్టిగా పట్టుకో" అని చెప్పి, లేచాను.