ఇరవై నాలుగేళ్ల తేడా

కురుమూర్తికి నలభై రెండేళ్లు. రేషను కార్డులో మాత్రం అరవై ఆరు. ఊళ్లో సగం మందిదీ అదే కథ. వృద్ధాప్య పింఛనుకు పేర్లు రాసుకుంటున్నారని తెలిసిన రోజునే తలా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లైపోయారు.

2007 చలికాలంలో అయిజ దగ్గరి పత్తి మిల్లులో గింజ తీసే యంత్రం కురుమూర్తి కుడిచేతి నాలుగు వేళ్లనూ తీసేసుకుంది. మిల్లు యజమాని నాగేందర్ సేఠు దవాఖాన వైపు రాలేదు సరికదా, ఆ మనిషెవరో తనకు తెలియనే తెలియదన్నాడు. హాజరు పుస్తకంలో పేరు లేదు. రోజుకూలీల పేర్లు ఆ పుస్తకానికి ఏనాడూ ఎక్కలేదు.

వకీలు వసంత నష్టపరిహారం కోసం కేసు వేసి, లెక్క వివరించింది. పోయిన వేళ్లు, కూలి, వయసు, ఈ మూడూ చూస్తారు. వయసు తక్కువైతే పరిహారం ఎక్కువ. నలభై రెండుకు లక్షా పాతిక వేల పైన, అరవై ఆరుకు డెబ్బై వేలు. మిల్లులో పనిచేసినట్టే తేలకపోతే పైసా లేదు.

కార్డు సంగతి విని ఆమె తల పట్టుకుంది. "దీని లెక్కన మీ అత్తమ్మ కంటె నువ్వే పెద్దోనివి గదన్నా."

"పింఛనిచ్చెటోళ్లు గట్ల అడగలేదమ్మా" అన్నాడు కురుమూర్తి.

విచారణ నాటికి మళ్లీ పత్తి సీజను వచ్చింది. పని పోతుందని తోటి కూలీలెవరూ సాక్ష్యానికి రాలేదు. సేఠు తరఫు వకీలు ఒకే మాట పట్టుకున్నాడు, ఇతను మా కూలీ కాదని. కేసు వింటున్న కార్మిక శాఖ అధికారి ఫైలు మూయబోతున్నాడు. వసంత మాత్రం తన వాదన ఆపకుండా, అర్జీలోంచి కురుమూర్తి వయసు నలభై రెండు అని చదివింది.

సేఠు దిగ్గున లేచాడు. "పచ్చి అబద్ధం సార్. అరవై ఆరేండ్లు వీనికి. పనిల పెట్టుకున్ననాడే కార్డు నకలు తీస్కున్న, ఇగో."

అతని వకీలు కళ్లు మూసుకున్నాడు.

"పనిల పెట్టుకున్నది ఏ సంవత్సరం సేఠూ?" అని వసంత మెల్లగా అడిగింది.

అధికారి గుమాస్తాతో రాయిస్తున్నాడు: ఇతను మిల్లు కూలీయే, యజమాని చూపిన పత్రం ప్రకారం వయసు అరవై ఆరు. ఆ కార్డు దొంగదని, ఊళ్లో అందరివీ అంతేనని సేఠు ఏదో చెప్పబోయాడు. అతని వకీలు చొక్కా పట్టి కూర్చోబెట్టి చెవిలో గొణిగాడు.

"గమ్మునుండు సేఠూ. కార్డు దొంగదైతె వాడు నలభై రెండేండ్లోడైతడు. ఇంకో యాభై వేలు కడ్తవా?"



వయసు మీద అభ్యంతరమేమైనా ఉందా అని అధికారి కురుమూర్తిని అడిగాడు. ఉందంటే డాక్టరు పరీక్ష, మరో వాయిదా, ఆలోగా సేఠు మాట మార్చే వీలు. వసంత వైపు చూస్తే ఆమె తన కాగితాల్లో తల దూర్చేసింది.

"నాకేం యాదికుంటది సారూ" అన్నాడు కురుమూర్తి, నడుము కాస్త వంచి. "ముసలోన్ని."