జంట ప్రార్థన

అయినా దేవుడికి ఫోన్ మోగించడం చేతనవునుగా, చేతకాకపోతే సౌమ్య ఇంట్లో ఎట్లా మోగింది, గోడకు అవతల మోగించినవాడికి గోడకు ఇవతల మోగించడానికి ఏం అడ్డం వచ్చింది, అనుకుంటోంది బాలవ్వ, పెదవులు మాత్రం స్తోత్రం స్తోత్రం అంటూనే ఉన్నాయి, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మందిరం రేకుల కింద ఎండ కాగుతోంది, చాప మోకాళ్లకు గుచ్చుకుంటోంది, పక్కనే మోకాళ్లూని తన మరిది జైపాల్ భార్య సౌమ్య, ఆమె చెయ్యి తన చేతిలో, ఎందుకంటే పాస్టరమ్మ ఇవాళ జంట ప్రార్థన పెట్టింది, ఇద్దరిద్దరు చేతులు పట్టుకొని ఒకరి కోసం ఒకరు మొరపెట్టండి అంది, ఊళ్లో ఇంకెవరూ దొరకనట్టు వీళ్లిద్దరినే జత కలిపింది, ఒక్కింటి కోడండ్లు, మంచిగుంటది అని నవ్వింది కూడా, ఇప్పుడు ముప్పై మంది ఆడవాళ్లు ఒక్కసారే గొంతెత్తి ఎవరి మొర వాళ్లు పెడుతున్నారు, ఆ హోరులో ఎవరి మాట ఎవరికీ వినబడదు, లోపల ఏమనుకున్నా అడిగేవాళ్లు లేరు.

సౌమ్య చెయ్యి మెత్తగా ఉంది, తనలాగే రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చెయ్యి, తునికాకు తన వేళ్లను మాత్రం గరుకు చేసి దీన్ని వదిలేసిందేమిటో, దీనికీ కుళ్లేనా అని తనను తానే తిట్టుకుంది బాలవ్వ, కానీ కుళ్లు కాక మరేమిటి, కడుపులో మంట భగ్గున లేచింది ఆ ఆదివారం కదా, ఎండాకాలం మొదట్లో, సౌమ్య ఇదే చాప మీద లేచి నిలబడి, అక్కలారా, మస్కట్ల ఉన్న మా ఆయన ఏడాదిన్నర సంది ఫోన్ చెయ్యలే, నా మొర దేవుడు విన్నడు, ఫోన్ అచ్చింది, స్తోత్రం, అని సాక్ష్యం చెప్పింది, అందరూ హల్లెలూయ అని చప్పట్లు కొట్టారు, లడ్డూలు పంచితే బాలవ్వ తన లడ్డూను కొంగున కట్టుకుని వచ్చి కోళ్లకు వేసింది, నాతోని ఒక్క మాటన్నా మాట్లాడలేదా తమ్ముడు అని తన మొగుడు మొగిలి అడిగితే, బ్యాలెన్స్ అయిపోయిందంట బావా అంది సౌమ్య, ఆనాటి నుంచి ఫోన్ చంక దించదు, స్నానానికి పోయినా చెంబు పక్కన ఫోన్, కోరుట్ల కార్ఖానాలో బీడీలు అప్పగించే వరుసలో నిలబడ్డా చేతిలో ఫోన్, నాకు మొగుడు ఫోన్ చేస్తడు చూడండి అని ఊరందరికీ చూపించుకోవడం కాకపోతే ఏమిటి, పైగా పాస్టరమ్మ, విశ్వాసమంటే మన సౌమ్యది అంటుంది, తాత కాలం నుంచి బాప్తిస్మం తీసుకున్న ఇల్లు తనది, శనివారం శనివారం ఈ మందిరం కడిగే చెయ్యి తనది, సౌమ్య పెళ్లయి వచ్చాక ప్రార్థన నేర్చిన మనిషి, ఉపవాసం అంటూనే పొద్దున గిన్నెడు ఉప్మా తింటుంది, తలుపు సందులోంచి చూసింది బాలవ్వ, తిన్నదాని మొర విని ఎండినదాని మొర వినడా, ఇదేం న్యాయం తండ్రీ.

తను అడిగేది ఎంత, ఒక్క ఫోన్, కూతురు ప్రీతి అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ పిలుపు విని మూడేళ్లు, జగిత్యాల బస్టాండులో ఓసారి అచ్చం ప్రీతి జడలాంటి జడ కనబడితే బస్సు దాకా పరుగెత్తింది, ఎవరో పిల్ల, ఏంది పెద్దమ్మా అంది, ముస్తాబాద్ పిల్లవాడు వేణు, కల్లు గీసే ఇంటివాడు, మందిరం గడప తెలియనివాడు, వాడితో సిరిసిల్ల పోయి ప్రీతి పెళ్లి చేసుకుంది, బట్టలు కుట్టే పనిలో కుదిరిందట, అమ్మా ఒక్కసారి మా ఇంటికి రాయే అని ఫోన్ చేస్తే, నువ్వు నాకు సచ్చినట్టే అన్నది తనే, ఆ సాయంత్రం ఫోన్ తీసుకుపోయి సౌమ్య ఒళ్లో పడేసి, ఆ సంగతి ఇప్పుడెందుకు, అది వేరే సంగతి, ఇప్పుడు ప్రార్థన, ప్రభువా నా బిడ్డ మనసు మార్చు, నాకు ఫోన్ చేపియ్యి.

వెనక ముసలామెకు దగ్గు వచ్చి ఆ పక్కవాళ్లు కాస్త ఆగారు, ఆ సందులో సౌమ్య గొంతు చెవిలో పడింది, పుట్టింటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడుతోంది దేవుడితో, నాయినా, అడిగినంక దొరికినట్టే అనుకొని ముందే స్తోత్రం చెప్పాలె అన్నది గదా పాస్టరమ్మ, గందుకే ఫోన్ రాకముందే అచ్చిందని అందరి ముంగట సాక్ష్యం చెప్పిన, ఇంకా రాలే, నాలుగు నెలలాయె, నన్ను అబద్ధాలదాన్ని చెయ్యకు నాయినా, గా మనిషి బతికున్నడని ఒక్క మాట వినిపియ్యి, రాలేదా, రానే లేదా అనుకుంది బాలవ్వ, నిజం చెప్పాలంటే మొదట సంతోషమే పొంగింది, ఎంత సంతోషమంటే పెదవులు బిగబట్టుకోవాల్సి వచ్చింది, ఇప్పుడే లేచి చెప్పేస్తే, పాస్టరమ్మా మీ విశ్వాసం గిదీ అని, లడ్డూలు తిన్న నోళ్లన్నీ తెరుచుకుంటాయి, లేవాలి, లేద్దామనే మోకాలు కదిపింది, అప్పుడే సౌమ్య వేళ్లు తన వేళ్లను గట్టిగా పట్టుకున్నాయి, మా అక్క గురించి సుత చెప్తున్న నాయినా, ప్రీతి నంబరు అక్క ఫోన్ల నా చేతులతోనే బ్లాక్ చేసిన, గీ పిల్ల ఫోన్ నాకు రావద్దు అంటే చేసిన, తియ్యమని అక్క ఇంకా అంటలేదు, నేనంటే కోపం జేస్తది, నువ్వన్న జెర చెప్పు.

లేవబోయిన మోకాలు మళ్లీ చాప మీద ఆనింది, సౌమ్యకు తెలుసు, అంతా తెలిసి ప్రతి శుక్రవారం ప్రీతి ఫోన్ కోసం తను ఏడుస్తుంటే పక్కన కూర్చుంది, ఒక్కరి చెవినా వేయలేదు, తనేమో ఇప్పుడే వేయబోయింది, సిగ్గుతో ముఖం కాలింది, బ్లాక్ సంగతి మరిచిపోయిందా అంటే మరవలేదు, మూడేళ్లలో ఒక్క పూటా మరవలేదు, తీయించడం ఎంత పని, గోడ ఇవతల నుంచి సౌమ్యా అని పిలిస్తే చాలు, కానీ తీసేశాక కూడా రాకపోతే, పొద్దున చూసుకొని, మాపున చూసుకొని, ఆ పిల్లకు నిజంగానే తను అక్కర్లేదని తేలిపోతే ఎట్లా బతకాలి, అందుకని అది అట్లాగే ఉంచి, రాని ఫోన్‌కు దేవుడిని ఆడిపోసుకుంది, పక్కింటికి వచ్చిందని ఏడ్చింది, అక్కడా రాలేదు, రాకపోయినా ఆ పిచ్చిది చెంబు పక్కన ఫోన్ పెట్టుకొని స్నానం చేస్తోంది, ఇప్పుడైనా కుళ్లు పోయిందా అంటే పోలేదు, ఆ ఎదురుచూపు మీద కుళ్లుగా ఉంది బాలవ్వకు, తండ్రీ జైపాల్ గొంతు దీనికి వినిపియ్యి అంది పైకే, మొదటిసారి సౌమ్య కోసం, సౌమ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచింది, బాలవ్వ రొండిన దోపుకున్న ఫోన్ తీసి ఆ మెత్తని చేతిలో పెట్టి, గా బ్లాక్ తియ్యే, ఇప్పుడే తియ్యి అంది, ఆమేన్ ఇంకా కానేలేదు, సౌమ్య తడి కళ్లతో ఏదో నొక్కి ఫోన్ తిరిగి ఇచ్చింది, దాన్ని ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే గుండె దడదడలాడుతోంది, ఈ దడ కొత్తది, మూడేళ్లుగా అడుగుతోంది గానీ, ఎదురుచూడటం ఇదే మొదలు.