కాదనే ఉదాహరణ

రొయ్యలు వలుస్తున్నాను. పొద్దున్నే రేపల్లె నుంచి మా ఆయన మేనత్త దేవకుమారిగారు బస్సు దిగి, బరువైన రొయ్యల సంచి నా చేతిలో పెట్టారు. పదకొండింటికి నా డెమో. పొయ్యి పక్కన లాప్‌టాప్, సింకులో రొయ్యలు. తెనాలిలో ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే ఇదేనని పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు.

"మీటింగ్ ఉందత్తయ్యా" అన్నాను.

"ఆ కంప్యూటరెక్కడికి పోతుందమ్మా? రొయ్యలైతే పాడైపోతాయి" అన్నారు మా అత్తగారు. నిజమే, నా ఉద్యోగం పాడైతే ఇంట్లో ఎవరికీ వాసన రాదు.

నేను తయారుచేసిన ప్రోగ్రాం చేసే పని తేలికే. పొలాల సర్వే నంబర్లు కొన్ని చూపిస్తే, అలాంటివి ఎలా ఉంటాయో తనే ఒక నమూనా రాసుకుని, పాత దస్తావేజుల్లోంచి అన్నీ ఏరి పెడుతుంది. మొదట్లో బాపట్ల, పిట్టలవానిపాలెం నంబర్లు బోలెడు ఇచ్చాను, అన్నీ 'ఔను' అనేవే. అది ఫోన్ నంబర్లనీ, తేదీలనీ, పిన్‌కోడ్లనీ కూడా ఔననేసింది. ఇది కాదు, అదీ కాదు అని చూపించాకే దానికి బుద్ధొచ్చింది. ఈ రోజు హైదరాబాద్‌లోని కంపెనీ పెద్దవాళ్లకి చూపించాలి. నేను రాకపోతే మా టీమ్‌లోని అజయ్ బాబు చూపిస్తాడు, ఇక అది అతని ప్రోగ్రామే అవుతుంది. పోయినసారి మామయ్యగారి తద్దినం రోజున అలాగే అయింది.

మరి ఈ ఇంటికి నేనేం చూపించాను? మీటింగ్ మధ్యలో కాఫీ, ఔను. గ్యాస్ బండ వస్తే గుమ్మంలో నిలబడటం, ఔను. ఆడపడుచు పిల్లాడి హోంవర్కు, ఔను. "మా నీరజ దేనికీ కాదనదండి" అని అత్తగారు నలుగురిలో అంటే పొంగిపోయాను కూడా. ఇప్పుడు వీళ్ల నమూనాలో ఏ పనైనా నా పనే. వీళ్లంతట వీళ్లు తెలుసుకోరు, నేర్పాల్సింది మళ్లీ నేనే. అదీ జీతం లేని పనే. ఒళ్లు మండింది.

మేనత్త వస్తోందని సెలవు పెట్టిన మా ఆయన కార్తీక్ హాల్లోంచి, "నీరజా, వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యి, అత్తకిష్టం" అన్నాడు.

చేతులు కడుక్కున్నాను. రొయ్యల గిన్నె తీసుకెళ్లి అతని ముందు పెట్టాను.

"నేను వలవనండి. మీరు వలవండి."

"ఏంటి?" అన్నాడు.

"అదేంటమ్మా, మగాడి చేత రొయ్యలా!" అన్నారు దేవకుమారిగారు.

గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. వేళ్లు నీచువాసన కొడుతూనే ఉన్నాయి. ప్రోగ్రాం చూపిస్తుంటే, తలుపు అవతల గిన్నెని ఎవరో మళ్లీ సింకులో పెట్టిన చప్పుడు వినిపించింది. నా కోసమే.

"ఎన్ని 'కాదు'లు చూపించాలి నీరజగారూ, ఒకటి సరిపోతుందా?" అని తెర మీద పెద్దాయన అడిగాడు.

"చాలదండి" అన్నాను, తలుపు వైపు చూస్తూ. "నేర్చుకునేదాకా చూపిస్తూనే ఉండాలి."