వింటున్నాను, చెప్పు నాయనా

మా మనవరాలిని అందరూ పిడుగు అంటారు. పుట్టగానే అది ఏడ్చిన ఏడుపు విని నర్సు పెట్టిన పేరది. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. దాని తల్లి, అంటే నా కూతురు, దానికి ఊహ తెలియకముందే పోయింది. అప్పటి నుంచి దానికి నేను, నాకు అది. నాకు వచ్చిన చదువల్లా కూడబలుక్కుని చదివే నాలుగు ముక్కలే. అది మాత్రం కంప్యూటర్ల చదువు చదివి, ఊరి చివర కోల్డ్ స్టోరేజీ కంపెనీలో ఉద్యోగానికి చేరింది. పళ్ళూ చేపలూ మందులూ చలిలో పెట్టి దాచే పెద్ద కంపెనీ అది. మా వీధిలో సగం పొయ్యిలు దాని మీదే వెలుగుతాయి.

మా కింది వాటాలో ఉండే ఈలాయనా అక్కడే మెకానిక్కు. ఈల వేయకుండా ఒక్క మెట్టు ఎక్కడు, ఒక్క మెట్టు దిగడు. వాళ్ళావిడ టైలరమ్మ. "ఈల ఆగిందంటే నిద్రపోయాడనే లెక్క పెద్దమ్మా, లేకపోతే ఇంట్లో మనిషి లేడనే లెక్క" అని కుట్టుమిషను తొక్కుతూనే నవ్వేది.

ఆ కంపెనీలో ఒక నంబరు ఉంది. ఎవరికి ఏ అపాయం కనిపించినా దానికి ఫోన్ చేసి చెప్పాలి. మనిషి ఎత్తితే సరే, ఎత్తకపోతే మాట పెట్టెలో పడుతుంది. సేఫ్టీ గుమాస్తా బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, అతను వింటాడు. ఆ పెట్టె పాతబడి మాటిమాటికీ మూగబోతుంటే, ఒకటి ఆగినా ఇంకొకటి అందుకునేలా జంట పెట్టెలు పెట్టమని మా పిడుగుకి అప్పజెప్పారు. వాయిస్‌మెయిల్ సర్వర్లంటారట వాటిని. నాకు పెట్టెలే.

ముందు ఇంట్లోనే, అన్నం తినే బల్ల మీద, రెండు పాత మిషన్లు పెట్టి తీగలు కలిపింది. వాటి పుణ్యమా అని కొన్నాళ్ళు మేం నేల మీదే తిన్నాం.

"ఏమే, ఒక్క పనికి రెండు పెట్టెలా? దుబారా కాదూ?" అన్నాను.

"ఇద్దరు వంటమనుషులనుకో అమ్మమ్మా. ఒకామె పొయ్యి దగ్గరుంటే రెండో ఆమె పక్కన నిలబడుతుంది. ఉప్పు వేశాను, నీళ్ళు పోశాను అని మొదటామె చెబుతూనే ఉంటుంది. ఆమె కళ్ళు తిరిగి పడిపోయిందనుకో, రెండో ఆమె గరిటె అందుకుంటుంది. తినేవాడికి తెలియనే తెలియదు."

"బాగానే ఉంది. ఇద్దరూ కలిసి ఉప్పేస్తే?"

అది నవ్వలేదు. "అదే భయం. ఇద్దరి మధ్యా మాట తెగిపోతే, ఎదుటిది చచ్చిందనుకుని ఇద్దరూ గరిటె పట్టుకుంటారు. అందుకే మూడో పెట్టె కావాలన్నాను. చిన్నది. దాన్ని సాక్షి అంటారు. నువ్వు ఉండు, నువ్వు ఆగు అని చెప్పడమే దాని పని."

ఒకే ఒరలో రెండు కత్తులన్నమాట అనుకున్నాను. మేనేజరు మాత్రం ఒప్పుకోలేదు. "ఉన్న రెండింటికే పని లేదు, మళ్ళీ సాక్షి ఎందుకమ్మా, ఇదేమన్నా కోర్టా?" అని నవ్వాడట. తర్వాత చూద్దాం, ముందు మొదలుపెట్టు అన్నాడట. ఇది మొదలుపెట్టింది. ఒక పెట్టె ఆఫీసులో, రెండోది కోల్డ్ స్టోరేజీ మేడ మీద గదిలో. మధ్యలో ఆవరణ అడుగున పాతిన తీగ.

గొంతు సంగతి కూడా చెప్పాలి. ఫోన్ చేయగానే ముందు ఒక గొంతు పలకాలి కదా. ఆఫీసమ్మాయి చేత "దయచేసి మీ సందేశాన్ని నమోదు చేయండి" అనిపిస్తే లోడింగు వాళ్ళు బెదిరి ఫోన్ పెట్టేస్తున్నారట. పిడుగు ఒకరోజు నేను బట్టలు మడతపెడుతుంటే ఫోను నా నోటి దగ్గర పెట్టింది.

"ఎవరైనా గుమ్మంలోకి వచ్చి నసుగుతుంటే ఏమంటావో అదను."

"ఏమంటాను? వింటున్నాను, చెప్పు నాయనా అంటాను."

అదే పెట్టేసింది. మర్నాటి నుంచి నేను కంపెనీ మనిషినైపోయాను. ఈలాయన మెట్ల కింద నిలబడి, "పెద్దమ్మా, నీ ఉద్యోగం పర్మినెంటటగా! జీతమెంత?" అని అరిచేవాడు.

"నీ ఈలకి ఎంతిస్తున్నారో అందులో సగం!" అనేదాన్ని నేను.

పెట్టెలు మొదలైన రోజున పిడుగు మొహం వెలిగిపోతూ వచ్చింది. ఒకదాని ప్లగ్గు పీకితే రెండోది అందుకుందట. రెండోదాన్ని పీకితే మొదటిది అందుకుందట. ఒక్క మాట పోలేదట. పరీక్ష అయిందని సంతకం కూడా పెట్టింది. ఆ రోజు దాని కంచంలో నేను మరో రెండు ముద్దలు ఎక్కువే వేశాను.

ఆ తర్వాత చాలాకాలం అంతా బాగానే నడిచింది. వాన వెలిసిన ఒక పొద్దున అది అన్నం తింటుంటే ఫోను టింగుమంది. వెంటనే మళ్ళీ టింగుమంది. అది చూసి చెయ్యి కంచంలోనే ఆపేసింది.

"ఏమైందే?"

"రెండోది చచ్చిందని మొదటిది చెబుతోంది. మొదటిది చచ్చిందని రెండోది చెబుతోంది."

"అయితే రెండూ పోయాయా?"

"లేదమ్మమ్మా, రెండూ బతికే ఉన్నాయి." ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు. గుమాస్తాకి ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. చెప్పులేసుకుంటూ పరుగెత్తింది.

మురుగుగొట్టం కోసం ఆవరణ తవ్వుతున్న మిషను ఆ తీగను తెంపేసింది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. పిడుగు వీధి మలుపు తిరిగిందో లేదో, కంపెనీ సైరను మోగింది. నేను కిటికీలోంచి చూశాను. కింద టైలరమ్మ మిషను ఆపి, చేతిలో బట్టతోనే వాకిట్లోకి వచ్చింది.

లోపల చలి పుట్టించే గ్యాసు ఉంటుందట. ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. పైపు దగ్గర అది కారింది. ఈలాయనా, సరుకు దింపడానికి లోపలికి వెళ్ళిన ఇద్దరు లోడింగు పిల్లలూ పోయారు. ఈలాయన్ని తెచ్చినప్పుడు మొహం చూడనివ్వలేదు. టైలరమ్మ ఏడవలేదు. కుట్టుమిషను మీద సగం కుట్టిన బట్టని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

వారం తిరక్కుండానే కంపెనీ గేటుకి నోటీసు అతికించారు. మెకానిక్కు ఎవరికీ చెప్పకుండా, పనులు ఆపించకుండా తనంతట తాను వాల్వు విప్పాడనీ, అతని నిర్లక్ష్యం వల్లే ఇంకో రెండు ప్రాణాలు పోయాయనీ దానిలో ఉంది. చచ్చినవాడు తిరిగి మాట్లాడడు కదా. లోడింగు పిల్లల్లో ఒకడి తల్లి వచ్చి టైలరమ్మ గుమ్మం ముందు మన్ను జల్లిపోయింది. "నీ మొగుడు పోతే పోయాడు, నా బిడ్డనెందుకు తీసుకుపోయాడే!" అని వీధంతా వినపడేలా శపించింది. బట్టలు కుట్టడానికి ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుట్టనివి కుట్టనట్టే పట్టుకుపోయారు. నేనూ ఒక ఊలు కోటిచ్చి ఉన్నాను, చేతులు పొట్టి చేయమని. నేను వెళ్ళి అడగలేదు.

పిడుగు అన్నం మానేసింది. అప్పుడు మేనేజరు స్వయంగా మా ఇంటికొచ్చాడు. నేను కుర్చీ తుడిచి వేస్తే అంచు మీద కూర్చున్నాడు.

"తీగ అతికించేశారమ్మా. ఇక రెండు పెట్టెల్నీ కలిపెయ్."

"కలిపితే ఒకదాన్ని నిజమని పెట్టుకోవాలి సార్. తీగ తెగినప్పుడు రెండోదాంట్లో పడ్డవన్నీ చెరిగిపోతాయి."

"అదే చెబుతున్నాను. ఆఫీసులోదే నిజం. రెండోదాంట్లో ఏముందో నాకు తెలియదు. నువ్వూ వినక్కర్లేదు."

"విన్నాను సార్."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన ముట్టని మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాను.

"విని ఏం చేస్తావు?" గొంతు తగ్గించాడు. "సాక్షి పెట్టె కొనలేదని నన్నంటావు. సరే, అను. పరీక్ష చేశానని సంతకం పెట్టిందెవరు? తీగ తెంపి చూశావా? చూడలేదు. విచారణలో ముందు అడిగేది అదే. ముగ్గురు పోయారు తల్లీ. చిన్నదానివి. ఈ ముసలామెకి నువ్వు తప్ప ఎవరున్నారు?" లేస్తూ నాతో, "మీరైనా చెప్పండి పెద్దమ్మగారూ" అన్నాడు.

ఆయన కారు కదిలాక నేను చెప్పాను కూడా. "వద్దే. ఇంటి గుట్టు లంకకు చేటు. పోయినవాడు ఎలాగూ రాడు. నువ్వు జైలుకెళితే నేనేమైపోవాలి?"

అది ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తీగ తెగినప్పుడు రెండోదాంట్లో పడ్డ మాటను తనే తీసి దాచుకుందట. "ముందు విను. తర్వాత వద్దను."

మొదట నా గొంతే పలికింది. "వింటున్నాను, చెప్పు నాయనా." గంట మోగింది. ఆ తర్వాత ఈలాయన.

"ఆఁ, పెద్దమ్మా, నువ్వు వింటున్నావో లేదో గానీ ఈ గుమాస్తా మాత్రం ఫోన్ ఎత్తట్లేదు. నాలుగో గది పైపు దగ్గర వాసనొస్తోంది. వాల్వు కారుతోంది. సరుకు దింపడానికి ఎవర్నీ లోపలికి పంపొద్దని చెప్పండి. ఎవర్నీ అంటే ఎవర్నీ. నేను మాస్కు వేసుకుని వెళ్ళి బిగించి చూస్తాను. విన్నారుగా? పంపొద్దు."

ఫోను సరిగ్గా పెట్టలేదు కాబోలు, పెట్టె పట్టుకుంటూనే ఉంది. అడుగుల చప్పుడు. ఈల. దూరమవుతున్న ఈల. ఏదో బరువైన తలుపు. అంతే.

ఆఫీసులో ఎర్రదీపం వెలగనే లేదు. గుమాస్తా పెట్టెకి ఈ మాట చేరనే లేదు. చేరినది మేడ మీది రెండో పెట్టెకి. దాంట్లోనూ నా గొంతే. వింటున్నానని చెప్పి దాన్ని మింగి కూర్చుంది.

"ఒకటి చస్తే ఏమవుతుందో చూశాను అమ్మమ్మా," అన్నది పిడుగు. "రెండూ బతికుండి మాటల్లేకపోతే ఏమవుతుందో చూడలేదు. ఆ తీగ ఒక్కసారి పీకి ఉంటే చాలు. తెలిసేది. పీకలేదు."

వద్దనడానికి నాకు నోరు రాలేదు. నోట్లో నువ్వుగింజ నానదని నన్ను ఊరంతా ఆడిపోసుకుంటుంది. ఆ రోజు మాత్రం నా నోట్లో నాలుక కూడా లేదు.

ఇద్దరం కిందికి దిగాం. టైలరమ్మ తలుపు తీసి, కూర్చోమనలేదు, పొమ్మనలేదు. పిడుగు నిలబడే అంతా చెప్పింది. తీగ సంగతి, సాక్షి సంగతి, తను పెట్టిన సంతకం సంగతి. ఒక్కటీ దాచలేదు. అప్పుడు ఫోనులో ఆ మాట పెట్టింది.

ఆమె గోడకి ఆనుకుని విన్నది. ఈల దగ్గరకి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. తలుపు చప్పుడయ్యాక, "ఇంకోసారి పెట్టు" అన్నది. పెట్టింది. "ఇంకోసారి." మళ్ళీ పెట్టింది.

అప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూసింది. పిడుగుని కాదు, నన్ను.

"చెప్పాడుగా పెద్దమ్మా. నీకే చెప్పాడు."

"తల్లీ..." అన్నాను.

"మీరు మంచివాళ్ళే. నాకు తెలుసు. ఇది అధికార్లకి వినిపించండి. ఆయన చెప్పాడని అందరికీ తెలియాలి. తర్వాత ఇక నా గుమ్మం తొక్కొద్దు. మిమ్మల్ని చూస్తే నాకు ఆ తలుపు వినపడుతుంది."

పిడుగు మర్నాడే విచారణాధికారి దగ్గరికెళ్ళి వినిపించింది. తీగ తెంపి చూడలేదని తన నోటితోనే రాయించింది. గేటు మీద నోటీసు పీకేశారు. మన్ను జల్లిన తల్లి మళ్ళీ వచ్చి, టైలరమ్మ గుమ్మం కడిగి, ఆ తడి నేల మీదే కూర్చుని ఏడ్చి వెళ్ళింది. మేనేజరుని వేరే ఊరి కంపెనీకి మార్చారు. సాక్షి పెట్టె అడిగినట్టు ఎక్కడా కాగితం లేదని, తప్పంతా పిడుగుదేనని తేల్చారు. ఉద్యోగం పోయింది. కేసు ఇంకా నడుస్తోంది. పిలిచినప్పుడల్లా వెళ్ళి నిలబడి వస్తుంది. పెట్టెల పనికి దాన్ని ఇక ఎవరూ పిలవరు. ఒక కొట్లో ఫోన్లు బాగుచేస్తోంది. కంపెనీలో మూడో పెట్టె పెట్టారట. నా గొంతు తీసేసి ఆఫీసమ్మాయి గొంతే పెట్టారట.

చలికాలం మొదలవుతుండగా ఒక పొద్దున తలుపు తీస్తే గడియకి నా ఊలు కోటు వేలాడుతోంది. చేతులు పొట్టి చేసి ఉన్నాయి. నేను అడగకపోయినా, ఎప్పుడో ఊడిపోయిన మెడ దగ్గరి గుండీ కూడా కుట్టి ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు.

పిడుగు కోటు చేతిలోకి తీసుకుని, కుట్టు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపింది.

నేను తొడుక్కున్నాను. మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆమె గుమ్మం తొక్కకూడదు కాబట్టి పై మెట్టు మీదే నిలబడ్డాను. కింద కుట్టుమిషను నడుస్తోంది.

"చేతులు సరిపోయాయమ్మా," అన్నాను, కాస్త గట్టిగా.

మిషను ఆగింది. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. మిషను మళ్ళీ నడిచింది.