ఐసు కరిగేలోగా

ఏప్రిల్ రెండో శనివారం. హాస్టల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి గానీ గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. రాణి పొద్దున్నే జడ వేసుకుని, డబ్బాలో పెరుగన్నం సర్దుకుని, ఆశ మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"లెగే. ఊరంతా తిరిగొద్దాం. ఆడోళ్లకి బస్సు ఫ్రీ కదా. ఆధార్ కార్డొకటి పట్టుకో, సాలు."

రాణిది ఆనందపురం అవతల పల్లె. వాళ్లమ్మా నాన్నా బంతిపూలు పండిస్తారు. డిగ్రీకొచ్చి రెండేళ్లవుతున్నా విశాఖలో ఆ పిల్ల చూసింది హాస్టలూ, కాలేజీ, మధ్యలో మద్దిలపాలెం జంక్షనూ, అంతే. చేతిలో వంద నోటుంటే నెలాఖరుదాకా మార్చని రకం.

ఇద్దరూ బయల్దేరారు. ముందు ఉక్కునగరం బస్సెక్కి, క్వార్టర్ల మధ్య చెట్ల నీడల్లో కాసేపు నడిచి, మళ్లీ బస్సెక్కి బీచి దగ్గర దిగారు. ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన సబ్‌మెరీన్ లోపలికెళ్లాలంటే టిక్కెట్టు కొనాలి. బయట నిలబడే దాన్ని చుట్టూ చూసి, గోడ నీడన కూర్చుని పెరుగన్నం తిన్నారు. సీసాలో నీళ్లు అప్పటికే అయిపోయాయి.

"ఓడల్ని దగ్గర్నించి సూడాలే," అంది రాణి. "హార్బరు ఇక్కడికి దగ్గరేనంట కదా."

ఆశ గబుక్కున బస్టాపు వైపు తిరిగింది. "కైలాసగిరి ఎల్దాం. అక్కడ సల్లగుంటాది."

"కొండెక్కితే మళ్లీ అక్కడేదో టిక్కెట్టంటారు. ఓడలు సూడ్డానికి డబ్బులడగరు కదేటి."

ఆశ హార్బరు వద్దనడానికి కారణముంది. అది చెప్పుకోలేనిది. ఆశ వాళ్లది భీమిలి రోడ్డులో, సముద్రం ఒడ్డు ఊరు. తల్లి గంగాలమ్మ తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకొచ్చి, వేలంలో చేపలు పాడుకుని, అక్కడే రేకుల షెడ్డులో కూర్చుని అమ్ముతుంది. హాస్టల్లో చేరిన కొత్తలో రాణి అడిగితే "మా అమ్మకి షాపుంది" అనేసింది ఆశ. నోరు జారిన మాట, వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ మధ్య గంగాలమ్మ చేపల తట్టతోనే హాస్టలు గేటు దాకా వస్తే, పక్కకి తీసుకెళ్లి, "ఇంకెప్పుడైనా ఫోన్ సెయ్యే అమ్మా, నానే బయటికొత్తాను," అంది. గంగాలమ్మ కూతురి ముఖం కేసి ఒక్క క్షణం చూసి, "అలాగేలే తల్లీ," అంది. మళ్లీ రాలేదు.

ఒంటిగంట దాటింది, ఈపాటికి అమ్మ ఇంటికెళ్లిపోయి ఉంటుందని లెక్కేసుకుని, ఆశ రాణి వెంట బస్సెక్కింది.

హార్బరులో దిగేసరికి నేల పెనంలా కాలుతోంది. జెట్టీ పొడుగునా బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. దూరంగా, పోర్టు వైపు పెద్ద ఓడొకటి కనిపించింది. రాణి చెయ్యి నుదుటి మీద అడ్డం పెట్టుకుని, "ఎంతుందే అది..." అంటూ నాలుగడుగులు ముందుకేసింది. అయిదో అడుగుకి తూలింది. ఆశ పట్టుకునేలోగా మోకాళ్ల మీద కూలబడి, పక్కకి ఒరిగిపోయింది.

"రాణీ! ఏటైందే? రాణీ!"

"ఎండదెబ్బ కొట్టినాది పిల్లకి! ఇటు నీడకి తీసుకురండి!"

ఆ గొంతు ఆశకి పుట్టినప్పట్నించీ తెలుసు. షెడ్డులోంచి గంగాలమ్మ పరుగెత్తుకొస్తోంది, చీర కుచ్చిళ్లు బొడ్డులోకి దోపుకుని, చేతులకి చేప పొలుసులతో. ఇద్దరూ చెరో పక్కా పట్టి రాణిని షెడ్డులోకి తెచ్చి గోనెసంచుల మీద పడుకోబెట్టారు. గంగాలమ్మ తన తట్టలో చేపల మీద కప్పిన ఐసు దోసిళ్లతో తీసి, తువ్వాల్లో మూటకట్టి, రాణి నెత్తి మీదా మెడ కిందా పెట్టింది. మరో దోసెడు తీసి అరికాళ్లకి రుద్దింది.

పక్కన తట్ట ముందు కూర్చుని చేపలమ్ముతున్న చిలకమ్మ, "ఓలమ్మ, ఇది నీ..." అంటూ నోరు తెరిచింది. గంగాలమ్మ తలెత్తి ఒక్క చూపు చూసింది. చిలకమ్మ తన చేపల మీద ఈగలు తోలుకోవడంలో పడిపోయింది.

గంగాలమ్మ అప్పుడు ఆశ వైపు తిరిగింది. ఎవరో దారిన పోయే పిల్లని చూసినట్టు చూసింది.

"ఏ కాలేజీ పాపా మీది? ఇంత ఎండలో ఎందుకొచ్చినారమ్మా?"

ఆశ తల్లి ముఖంలోకి చూసింది. అమ్మ అబద్ధం ఆడుతోంది. తన కోసం, తన అబద్ధాన్ని నిలబెట్టడం కోసం, ఇంత మందిలో కన్నకూతుర్ని పాపా అంటోంది. ముఖంలో కోపం లేదు. బెంగ కూడా కనపడనివ్వడం లేదు.

కాసేపటికి రాణి కళ్లు తెరిచింది. గంగాలమ్మ తను తెచ్చుకున్న చోడి అంబలిలో ఉప్పేసి, గ్లాసుతో నోటికందించింది. "మెల్లగా తాగు తల్లీ. ఉల్లిపాయ కొరుక్కో."

రెండు గ్లాసులు తాగాక రాణికి ప్రాణం లేచొచ్చింది. "మీరు లేకపోతే నాను ఏటైపోదునో ఆంటీ. మీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే కూతురమ్మా. కాలేజీలో సదూతంది."

"ఎక్కడ?"

గంగాలమ్మ తువ్వాలు పిండుతూ, "దూరంలే," అంది.

ఆ మాట దగ్గర ఆశ ఇక ఆగలేకపోయింది. తడి నేల మీద చతికిలబడి, ఐసుకి ఎర్రబారిన తల్లి చేతులు రెండూ పట్టుకుంది.

"దూరం లేదే అమ్మా. ఇక్కడే ఉన్నాను కదే."

గంగాలమ్మ ఉలిక్కిపడి రాణి వైపు చూసింది. "ఊరుకోయే, పొలుసులంటుకుంటాయి," అంటూ చేతులు లాక్కోబోయింది. ఆశ వదల్లేదు. చిలకమ్మ మాత్రం ఈగలు తోలడం మానేసి పైటతో కళ్లొత్తుకుంది.

రాణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "షాపన్నావు కదే?"

ఆశ తలొంచుకుంది. గంగాలమ్మే అందుకుంది. "షాపే కదమ్మా ఇది. గోడలు కట్టించలేదంతే."

రాణికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "రెండేళ్లు నా పక్క మంచం మీద పడుకుని ఈ మాట దాసినావు," అంది చిన్నగా. "మా అమ్మ ఆనందపురంలో నేల మీద కూకుని పూలమ్ముతాదని నాను నీకు సెప్పలేదేటి?" కోపంగా అందో, దిగులుగా అందో ఆశకి తెలియలేదు. రాణే ఖాళీ గ్లాసు చాపింది. "ఇంకుంటే ఎయ్యండి ఆంటీ. ఈవిడగారికి కూడా."

అంబలి తాగుతూ ఆశ తట్ట వైపు చూసింది. ఐసంతా రాణి తలకీ కాళ్లకీ అయిపోయింది. తట్టలో కానాగంత చేపలు రేకుల వేడికి ఆరిపోతున్నాయి.

"ఇంతసేపు ఎందుకున్నావే అమ్మా ఇయ్యాల?"

"నాలుగు రోజుల్లో గవర్నమెంటోళ్లు బోట్లాపేత్తారు కదా, రెండు నెల్లు వేట ఉండదు. ఉన్న రోజులే కూకోవాల."

"ఇవి పాడైపోతాయేమో."

"పోతే పోనీ. పిల్ల బతికింది సాలు."

ఆశ లేచి నిలబడింది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, తల్లి పీట మీద కూర్చుంది. "నువ్వు దానికి బోట్లు సూపించు. ఓడలు సూత్తానని వచ్చినాది."

"నువ్వా? నీకేటి తెలుసే?"

"తెలుసు. ఎల్లు."

గంగాలమ్మ రాణి భుజం చుట్టూ చెయ్యేసి షెడ్డు అంచుకి నడిపించింది. నీడలోనే నిలబడి, ఏ బోటు ఎవరిదో, ఏది ఎన్ని రోజులకి తిరిగొచ్చిందో చెబుతోంది. రాణి ప్రతిదానికీ మళ్లీ ప్రశ్న వేస్తోంది.

స్కూటర్ మీద భార్యాభర్తలు షెడ్డు ముందు ఆగారు. ఆశ నోరు తెరిచింది. మొదటిసారి గాలే వచ్చింది, మాట రాలేదు. రెండోసారి జెట్టీ చివరిదాకా వినబడింది.

"రండమ్మా రండి! కానాగంతలు! పొద్దుటి సరుకు! రండి బాబూ!"