కాలు మీద కోతి

అడవిలో బీడీల తునికాకు కోయబోయి పడితే నా కాలు విరిగింది. మళ్ళీ నడుస్తానో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. ఆదివారం పాస్టరయ్య, సంఘం ఆడవాళ్ళు అరటిపండ్లు తెచ్చి, ప్రార్థనకు నా మంచం చుట్టూ కూర్చున్నారు.

"'దేవా, నీ చిత్తమే జరగనీ' అనరాదా ముత్తక్కా," అన్నాడు పాస్టరయ్య.

"గట్ల ఎట్లంటనయ్యా? నేను నడవొద్దన్నదే ఆయన చిత్తమైతే?"

"ఏం మొండిదానివక్కా!"

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూయలేదు. కిటికీలోంచి ఒక కోతి దూకి, నా కాలి కట్టు మీద కూర్చుని పండు ఒలుచుకుంది. మా సంఘంలో ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవరు. కదిలితే అది కరుస్తుంది. ఆ కాలు ఇక నా చేతిలో లేదు.

"నీ చిత్తం తండ్రీ," అన్నాను.

"హల్లెలూయ! లొంగింది!" అన్నాడు పాస్టరయ్య, కళ్ళు మూసుకునే.

కోతి ఇంకో పండు అందుకుంది. నొప్పి అలాగే ఉంది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.