దిష్టి తగలని రంగు

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊరి పాత బజారులో లెల్లా దూజా కొట్టుకి కంప్యూటరు వచ్చిన వారానికే దిష్టి తగిలింది. లెల్లా దూజా లెక్క అది. కోడలు దలెండా లెక్క వేరు గానీ, ఆ కొట్లో కోడలి లెక్కలకి ఇంకా అంత విలువ లేదు.

పండగ మిఠాయిలకి కావలసిన సరుకు అమ్మే కొట్టు అది: బాదం, నువ్వులు, రేకు పళ్లేలు, నారింజపూల నీరు. దలెండా ముచ్చటపడి కంప్యూటర్లో అమ్మకాల రిపోర్టుని తనకి నచ్చినట్టు దిద్దుకుంది. అక్కర్లేని కాలమ్‌లు తీసేసి, ‘అమ్మింది’, ‘మిగిలింది’ పక్కపక్కన పెట్టింది. బాగా పోయే సరుకు వరస దానంతటదే పచ్చగా మారేట్టు, కదలని సరుకు బూడిదరంగులోకి పోయేట్టు ఏర్పాటు చేసింది. చూసుకుని మురిసిపోయింది కూడా.

ఎదురు కొట్టు ఫర్జానీ చిల్లర కోసమని వచ్చి, మెడ సాచి స్క్రీనంతా చదివేశాడు.

"నారింజపూల నీరు పచ్చగా వెలిగిపోతోందే! అంత పోతోందా?" అన్నాడు.

అతను గడప దాటాడో లేదో, పై అరలోంచి సీసా ఒకటి కిందపడి భళ్లుమంది.

"చూశావా! ఐదు వేళ్లూ వాడి కళ్లల్లో!" అని దిష్టి తిప్పికొట్టేట్టు అరచెయ్యి చాచి అరిచింది లెల్లా దూజా. "మనకెంత పోతోందో వీధిలో డప్పు కొట్టుకుంటామటే? ఆ పచ్చరంగైనా పోవాలి, ఆ పెట్టైనా పోవాలి. పెట్టె పోతే దాంతోపాటు నువ్వూ వంటింట్లోకే."

దలెండా గబుక్కున స్క్రీనుకి అడ్డంగా నిలబడింది. ఇంట్లో గిన్నెలు తప్ప మనిషి మొహం చూడక విసిగి, బతిమాలి బతిమాలి కొట్లోకి వచ్చిన పిల్ల ఆమె.

"పోనీ, స్క్రీను గోడవైపు తిప్పేస్తాను అత్తయ్యా."

"తిప్పితే ఏదో దాస్తున్నామంటాడు. చూడనీ. పోయే సరుకుని బూడిద చెయ్. ఎవరూ ముట్టని ఆ గుండె ఆకారం పళ్లేలున్నాయే, వాటిని పచ్చగా చెయ్. తగిలే దిష్టేదో వాటికే తగలనీ."

దలెండా రంగులు తారుమారు చేసి, ‘అమ్మింది’ కాలమ్ దాచేసింది. అత్త తృప్తిగా తలూపింది. ఇద్దరూ మర్చిపోయిందల్లా ఒకటే. సరుకు తెచ్చే నెజీబ్, అంటే దలెండా మొగుడు, ఊళ్లు తిరుగుతూ తన ఫోనులో చూసేదీ ఆ రిపోర్టే.

పండగ దగ్గరపడ్డాక లారీ వచ్చింది. నిండా గుండె పళ్లేలు. నారింజపూల నీరు ఒక్క సీసా లేదు.

"పచ్చగా ఉన్నవి తెచ్చాను, బూడిదవి మానేశాను. రంగులు మార్చామని నాకెవరన్నా చెప్పారా?" అని నెజీబ్ తలపట్టుకున్నాడు.

అరలో మిగిలినవి మధ్యాహ్నానికే అయిపోయాయి. నారింజపూల నీరు లేని కొట్టుకి పండగముందు ఎవరొస్తారు? తప్పు ఎవరి నెత్తిన పడుతుందో దలెండాకి ఒకరు చెప్పనక్కర్లేదు. అత్త మాత్రం ఖాళీ అయిన అరని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తిట్టినా అంత భయం వేసేది కాదు.

మర్నాడు ఫర్జానీ తల గోక్కుంటూ వచ్చాడు.

"లెల్లా దూజా, మీకు పళ్లేలు లారీడు దిగాయట. నాక్కొన్ని ఇప్పించండి. బదులుగా నారింజపూల నీరు పెట్టెలు తీసుకోండి. మీ దగ్గర పచ్చగా ఉందని ఎగబడి కొన్నాను. తీరా చూస్తే మీకే బూడిదైపోయింది. నా కొట్లో కాలు పెట్టే చోటు లేదు."

లెల్లా దూజా భారంగా నిట్టూర్చింది. "ఆ నీళ్లా? సరేలే, ఇరుగూపొరుగూ అన్నాక తప్పుతుందా! పట్టుకురా."

దలెండా బల్ల కిందికి వంగి నవ్వు దాచుకుంది. సాయంత్రానికి కొట్టు ముందు జనం కిటకిటలాడారు. ఆ ఏడు కొత్త పెళ్లికూతుళ్లకి మిఠాయిలు గుండె పళ్లేల్లో పంపడం సరదా అయి, ఫర్జానీ కూడా నష్టపోలేదు.

పండగ వెళ్లాక లెల్లా దూజా, "ఆ రంగులు మార్చేదేదో నాకూ చూపించు పిల్లా," అని పక్కన కూర్చుని నేర్చుకుంది.

కొన్నాళ్లకి ఒక ఉదయం, ఎవరెంత అమ్మారో చూపే రిపోర్టు తెరిచింది దలెండా. నెజీబ్ పేరు పచ్చగా మెరుస్తోంది. తన పేరు అట్టడుగున, బూడిదరంగులో ఉంది. ఇంత చేస్తే చివరికి నా చోటు ఇదా అని మొహం చిన్నబుచ్చుకుంది.

అత్త బాదంపప్పు ఏరుతూనే, తలెత్తకుండా అంది: "ఇందాక ఫర్జానీ పెళ్లాం వచ్చింది. మీ కోడలు భలే చలాకీదటగా అని దీర్ఘాలు తీసింది. వెంటనే నీ రంగు మార్చేశాను. ఎవరి కళ్లూ నీమీద పడకూడదు."

దలెండాకి కళ్లు చెమ్మగిల్లాయి. నెజీబ్ వెనకనుంచి తొంగిచూశాడు.

"మరి నన్నెందుకమ్మా పచ్చగా పెట్టావు?"

"నీకు దిష్టి తగిలేంత ఏముందిరా? పో, పెట్టెలు దింపు."

దలెండా పకపకా నవ్వేసింది. అత్త ముందు ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.